ఈశాన్యానికి ఇంచున్నర

నాకు కోపమెక్కువని మట్టెవాడలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లెవరైనా మిగిలితే మా అమ్మ శకుంతల వాళ్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మరీ చెబుతుంది. "మా కళావతికి కాళ్లల్ల ఉండాల్సిన బలమంత నోట్లెకొచ్చింది" అంటుంది. ఆ మాటకు నాకేం బాధలేదు. మూడేళ్లప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ ఊరుకున్నాయి. నోరు కూడా ఊరుకోవాలని రూలేమన్నా ఉందా?

ఇదంతా డెబ్బై తొమ్మిది ఎండాకాలంలో జరిగింది. అప్పుడు నాకు ఇరవై ఒకటి. మా ఇంటి ముందుగదిలో చేతిమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. వీధివైపు తలుపు పడమటికి ఉండేది. నేల ఎర్రమట్టినేల, పేడతో అలికేవాళ్లం. మిషను దగ్గర్నుంచి గుడ్డలబీరువా దాకా, బీరువా దగ్గర్నుంచి తలుపుదాకా నేను పోవాలంటే రెండు చేతులూ నేలకు ఆనించి ఒళ్లు ఈడ్చుకుంటూ పోవాల్సిందే. ఎర్రజాకెట్టు, పచ్చజాకెట్టు కుట్టినన్నాళ్లు చేతికంటిన మన్ను ఎవరికీ కనిపించలేదు.

ఏప్రిల్‌లో సావిత్రి టీచర్ వచ్చింది. మా పేటకు దగ్గర్లోనే ఉన్న ఆడపిల్లల బడికి ఆవిడ పెద్ద టీచరు. అరవై మంది పిల్లలకు తెల్లచొక్కాలు కుట్టించాలని, ముందుగా ఒకటి కుట్టి చూపించమని గుడ్డ ఇచ్చి పోయింది. ప్రాణం పెట్టి కుట్టాను. కాలరు కత్తిలా నిలబడింది. వారం తర్వాత ఆవిడ వచ్చి చొక్కా అటూ ఇటూ తిప్పి చూసి, అంచు దగ్గర ఆగింది. అక్కడ నా నాలుగు వేళ్లూ ఎర్రగా అచ్చుపడి ఉన్నాయి.

"కుట్టు చాలా బాగుందమ్మా" అంది టీచర్. "కానీ తెల్లగుడ్డ. పైగా నేను వచ్చినప్పట్నుంచీ చూస్తున్నాను. తలుపు తీసింది మీ అమ్మగారే, గుడ్డ అందించిందీ ఆవిడే, కత్తెర తెచ్చిందీ ఆవిడే. అరవై చొక్కాలంటే పని నీకిచ్చినట్టు కాదు, ఆవిడకు కష్టం పెట్టినట్టవుతుంది."

మాట మెత్తగానే అంది. మెత్తగా అన్నందుకే నాకు ఒళ్లు మండింది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని.

"జూన్‌ల రాండ్రి టీచర్" అన్నాను. "ఆనాడు మా అమ్మ ఇంట్లనే ఉండది. తలుపు నేనే తీస్త. మీ చేతిల గుడ్డ నేనే అందుకుంట. దాని మీద మన్నుమచ్చ కనబడితె, మీ పని ఎవలకన్న ఇచ్చుకోండ్రి."

ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని నన్నోసారి చూసింది. "సరే. జూన్ పదకొండు, సోమవారం పొద్దున పదింటికి వస్తాను. అందాకా ఎవరికీ ఇవ్వను" అని వెళ్లిపోయింది.

ఆవిడ సందు మలుపు తిరిగేదాకా పొగరుగానే కూర్చున్నాను. తిరిగాక మన్నంటిన నా చేతులు చూసుకున్నాను. తలుపు నేనే తీస్తానన్నాను సరే, తీసిన చేత్తో తెల్లగుడ్డ ఎట్లా పట్టుకుంటాను?

మా అన్న భాస్కర్ ములుగు రోడ్డులో లారీల షెడ్డులో పనిచేసేవాడు. సంగతి విని పడీపడీ నవ్వాడు కానీ, నాలుగోరోజుకల్లా ఒక బండి తయారుచేసి తెచ్చాడు. మందపు పలక, దానికింద లారీల్లోంచి తీసేసిన నాలుగు బేరింగులు, కూర్చోవడానికి దూదిమెత్త. తోసుకోవడానికి రెండు చెక్కదిమ్మెలు, వాటికి ఇస్త్రీపెట్టెకున్నట్టు పిడులు. దిమ్మెలు నేలను తాకుతాయి, నా చేతులు తాకవు. పలక వెనకాల పసుపురంగుతో "హారన్ కొట్టుము" అని కూడా రాయించాడు, వెధవ.

బండెక్కాను. రెండుసార్లు తోశాను. మూడోసారికి ముందుచక్రం ఎలుకలు తవ్విన బొర్రెలో దిగబడింది, నేను ముక్కుమీద పడ్డాను. అన్న నవ్వాడు. చేతిలో ఉన్న దిమ్మె విసిరాను కానీ తగల్లేదు.

మా బాపు రామలింగానికి వరంగల్ చౌరస్తాలో కిరాణా దుకాణం. ముందుగదికి షాబాదు బండలు వేయిస్తానని పదేళ్లుగా అంటున్నాడు. ఈసారి నేను రెండుపూటలా అన్నం ముందు కూర్చుని అదే పాట పాడేసరికి, వినలేక మడికొండ నుంచి గట్టయ్య మేస్త్రీని పిలిపించాడు.

గట్టయ్యకు అరవై దాటాయి. లెవలు చూసే నీళ్లపైపును మెడలో దండలా వేసుకుని సైకిల్ మీద వచ్చాడు. వెనకాలే నడిచి సోమక్క వచ్చింది. మట్టి మోసేదీ, సున్నం, సిమెంటు మాలు కలిపేదీ, మేస్త్రీని తిట్టేదీ ఆమే. గట్టయ్య గదిలోకొచ్చి చెప్పులిడిచి, మాట్లాడకుండా మడమలతో నేలంతా నొక్కుకుంటూ తిరిగాడు.

"సేటూ, ఇది నేల గాదు, జల్లెడ" అన్నాడు బాపుతో. "అంత తవ్వాలె."

"తవ్వుడెందుకయ్యా, బండలు మీదికెల్లి పరిచిపోరాదు?"

"పరుస్తె పరుస్త. రేపు వానలు పడ్డంక మల్ల నన్ను పిలువద్దు."

తవ్వారు. మోకాలిలోతు తవ్వేసరికి ఎలుకబొర్రెల్లోంచి నా గుడ్డపీలికలు గంపెడు బయటపడ్డాయి. అన్ని రంగులూ ఉన్నాయి. సోమక్క వాటిని ఎత్తిపట్టి, "ఏందే బిడ్డా, ఎలుకలకు గూడ జాకెట్లు కుట్టినవా?" అంది. "కుట్టుకూలి ఇయ్యలే, అందుకే ఇండ్లు తవ్విస్తాన" అన్నాను. ఆ రోజునుంచి మా ఇద్దరికీ దోస్తీ కుదిరింది.

తవ్విన గోతిలో మొరం కంకరమట్టి పోశారు. ఒక పొర పోసి, నీళ్లు కొట్టి, దిమ్మిసతో కొట్టడం. ఆరనివ్వడం. మళ్లీ ఒక పొర. మళ్లీ నీళ్లు, మళ్లీ దిమ్మిస. కర్రకు బిగించిన ఆ ఇనపదిమ్మెను సోమక్క ఎత్తి వేస్తుంటే వంటింట్లో గిన్నెలు గలగలలాడేవి. ఇట్లా ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు. బాపు పొద్దున దుకాణానికి పోతూ చూసేవాడు, మధ్యాహ్నం అన్నానికొచ్చి చూసేవాడు. గదిలో మార్పేం ఉండేది కాదు. మట్టే, కాస్త తడిమట్టి.

"గట్టయ్యా, నువ్వు బండలేస్తానవా, నారుమడి పోస్తానవా? కింద ఎట్లుంటె ఏంది, ఎవలు చూస్తరు?"

"ఎవలు చూడరు సేటూ. గని మన్ను ఇప్పుడు తాగని నీళ్లు వానకాలం తాగుతది. తాగి కుంగుతది. దాని మీది బండ గూడ కుంగుతది. పక్క బండ లేస్తది. బిడ్డ బండిచక్రం ఆ అంచుకు తగుల్తది, బిడ్డ ముక్కు పగుల్తది. జర ఓపిక పట్టు."

నా ముక్కు సంగతి వచ్చేసరికి బాపు చెప్పులేసుకుని దుకాణానికి పోయాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఓపిక లేదు. గోడమీది క్యాలెండరులో జూన్ పదకొండు చుట్టూ గీసిన ఎర్రగీత రోజురోజుకూ దగ్గరికొస్తోంది. కానీ నేను బాపులా దుకాణానికి పోలేను కదా. లోపలిగది గడప మీద కూర్చుని, కాజాలు కుట్టుకుంటూ, పొద్దంతా ఆ నేలనే చూసేదాన్ని.

మూడోరోజో నాలుగోరోజో ఒక సంగతి కనిపెట్టాను. నిలబడి చూసేవాళ్లకు కనబడనిది నాకు కనబడుతోంది. నా కన్ను ఎప్పుడూ నేలకు రెండడుగుల ఎత్తులోనే ఉంటుంది మరి.

"తాతా, ఆ నడుమ ఉబ్బున్నది" అన్నాను.

గట్టయ్యకు చిర్రెత్తింది. "నలభై ఏండ్ల సంది ఇదే పని చేస్తాన. ఉబ్బులేదు, గిబ్బులేదు."

"చెంప ఆనించి చూడు. లేకపోతె కట్టెపెట్టి చూడు."

గొణుక్కుంటూ పొడవాటి చెక్కబద్ద తెచ్చి నేలమీద ఆనించాడు. నేను చూపించిన చోట బద్ద అటూ ఇటూ ఊగింది. సోమక్క కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గట్టయ్య ఆ ఉబ్బును చెక్కించాడు. మర్నాటి నుంచి మాత్రం ప్రతి పొర అయ్యాక నా వైపు తిరిగి, "ఏం బిడ్డా, చూడు జర" అనేవాడు. నేను గడపమీద పడుకుని, చెంప ఆనించి, ఒక కన్ను మూసి, అక్కడ పల్లం, ఇక్కడ మెరక అని చెప్పేదాన్ని. బతుకులో మొదటిసారి నేలకు దగ్గరగా ఉండడం ఒక పనికొచ్చే విషయం అయింది. నాకెంత సంతోషంగా ఉండేదంటే, కోపం తెచ్చుకోవడం కూడా రెండుమూడు రోజులు మరిచిపోయాను.

మొరం గట్టిపడ్డాక దాని మీద ఇటుకముక్కలు, సున్నం కలిపి ఒక మందం పోసి, తాపీతో రుద్దిరుద్ది నున్నగా చేశారు. ఆ సున్నపు బెడ్డు మూడ్రోజులకు గట్టిపడింది. ఇక దానిమీద మాలు వేసి బండలు పరచడమే మిగిలింది. సిమెంటు పర్మిట్ మీద దొరికే రోజులు. బాపు ఎట్లాగో రెండు బస్తాలు సంపాదించి మంచంకింద పెట్టాడు, దొంగలు దానికే వస్తారన్నట్టు.

ఆ పొద్దున నేను గడప మీద కూర్చుని కాజాలు కుడుతున్నాను. ఒళ్లోంచి దారపురీలు జారి బెడ్డు మీద పడింది. పడి, ఆగలేదు. నెమ్మదిగా దొర్లింది. గది సగం దాటింది, ఇంకా దొర్లింది. పోయిపోయి అవతలి మూలలో గోడకు తగిలి ఆగింది. వెనకాల తెల్లదారం గీత గీసినట్టు పరుచుకుంది.

ఆ దారం వైపు చూశాను. రీలు దొర్లినచోట బండి ఆగుతుందా?

"సోమక్కా, నన్ను బండిమీద కూసోపెట్టి, బండిని ఆ తలుపుకాడ పెట్టు."

సోమక్క ఎత్తి పెట్టింది. మా వీధితలుపుకు రెండు రెక్కలు. నాకందేలా అన్న కింద ఒక గొళ్లెం బిగించాడు. అది బిర్రుగా ఉంటుంది. ఒక చేత్తో రెక్కను నొక్కిపట్టి, ఇంకో చేత్తో గొళ్లెం లాగాలి. అంటే దిమ్మెలు రెండూ వదలాలి. వదిలాను. చెయ్యి గొళ్లెం మీద పడేలోపే బండి కదిలింది. గరగరమంటూ వెనక్కి, వెనక్కి, తలుపు నా ముందునుంచి దూరంగా పోతూ ఉంది. నేను చేతులు గాల్లో చాపుకుని అట్లాగే పోయి దారపురీలు పక్కన గోడకు గుద్దుకున్నాను.

సోమక్క నవ్వింది. ముందు నేను కూడా నవ్వాను. తర్వాత నవ్వు ఆగిపోయి ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నాకు కోపం వస్తుంది.

"తాతా!" అని అరిచాను. "ఏం చేసినవ్ ఇది? నేలంత వాలుగున్నది!"

గట్టయ్య బయట సున్నం కలుపుతున్నవాడు పరుగెత్తుకొచ్చాడు. చూసి, నెమ్మదించి, కొంచెం గర్వంగానే అన్నాడు. "ఉంటది మరి. ఈశాన్యానికి ఇంచున్నర పెట్టిన. ఎక్కడ్నన్న ఎక్కువ తక్కువ ఉన్నదా చెప్పు?"

లేదు. అదే కదా నా ఖర్మ. ఎంత చక్కగా పెట్టాడంటే, ఎక్కడా ఉబ్బులేదు, గుంతలేదు, గది మొత్తం ఒకే తీరుగా ఈశాన్యం మూలకు వంగింది. అందుకే చెంప ఆనించి చూసినా నా కంటికి దొరకలేదు. ఆ వాలు గురించి అతను అడగలేదు, నేను చెప్పలేదు. కూరలో ఉప్పు వేయమని ఎవరైనా చెబుతారా? మా వైపు ఏ ఇల్లు కట్టినా, ఏ గది వేసినా, నీళ్లు ఈశాన్యానికి పారాలి. మేస్త్రీ చెయ్యి దానంతటదే అట్లా పోతుంది. పద్దెనిమిదేళ్లు ఆ నేలమీదే పాకిన నాక్కూడా ఆ సంగతి గుర్తురాలేదు.

మధ్యాహ్నం అన్నానికొచ్చిన బాపుతో చెప్పాను. వాలు తీసేయాలన్నాను. బాపు కంచం ముందునుంచి లేచాడు.

"తియ్యుడా? మతి ఉండే మాట్లాడుతానవా? ఈశాన్యం మెరక చేసినందుకే మీ పెదబాపు మిరపకాయల యాపారం మునిగింది."

"పెదబాపు యాపారం ముంచింది పైసలు పెట్టి ఆడిన పత్తాల ఆట! అందరికి తెలుసు."

"కళావతీ!"

"మెరక చెయ్యమంటలేను బాపూ. సమానంగ చెయ్యమంటాన."

"వాలు లేకపోతె మెరక చేసినట్టె గద? కడిగిన నీళ్లు ఎటు పోతయి?"

గట్టయ్య కూడా తల అడ్డంగా ఊపాడు. "నా చేతులమీద వాలులేని నేల ఇంతవరకు వెయ్యలే బిడ్డా. రేపు ఏమన్నయితే గట్టయ్య చేసిండంటరు." అన్న ఒక చెక్కముక్క తెచ్చి, చక్రం కింద పెట్టుకొమ్మని సలహా ఇచ్చాడు. తలుపుకోసారి, బీరువాకోసారి, గుడ్డకోసారి వంగి చెక్క పెట్టి, మళ్లీ వంగి తీస్తూ కూర్చుంటే చొక్కాలు మీ షెడ్డువాళ్లు వచ్చి కుడతారా అని అడిగాను. చెక్కముక్క జేబులో పెట్టుకుని పనికి పోయాడు.

నేను అన్నం తినలేదు. బాపు కూడా తినలేదు. అమ్మ రెండు కంచాల మీదా మూతలు పెట్టి, ఇద్దరినీ కలిపి తిట్టి వంటింట్లోకి పోయింది. దుకాణానికి పోవాల్సిన బాపు పోకుండా వచ్చి, గడప మీద నా పక్కన కూర్చున్నాడు. బాపు నేలమీద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"నీకు జరమొచ్చిన ఏడు" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఆ మూలకే నేను చింతపండు బస్తాలు పేర్పించిన. ఎనిమిది బస్తాలు. దుకాణంల జాగ లేకుండె. మీ అమ్మ వద్దన్నది, ఇనలే. నెల తిరగకముందే నీ కాళ్లు పడిపోయినయ్. ఈశాన్యం మీద బరువు పెడితె పిల్లలకు తగుల్తదని అందరు అన్నరు. అప్పట్సంది ఆ మూల చూస్తె నాకు గుండె జల్లుమంటది. మల్ల దాంతోని ఆటలాడుమంటవా?"

 మా బాపు పద్దెనిమిదేళ్లుగా ఈ భారం ఒక్కడే మోస్తున్నాడని నాకు తెలియదు. నేను అతన్ని పిసినారి అనుకున్నాను, మొండి అనుకున్నాను. 

"బాపూ" అన్నాను చివరికి. "ఆ ఏడు మన సందుల నలుగురు పిల్లలకు వచ్చింది. నలుగురి ఇండ్లల్ల చింతపండు బస్తాలున్నయా?"

 బాపు భుజంమీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. నా మాట అర్థమైంది, కానీ భయం పోలేదు. పద్దెనిమిదేళ్ల భయం ఒక మాటకు పోతుందా? పొమ్మనడానికి నాకు మనసు రాలేదు కూడా. నాకా వాలు వద్దు, బాపుకా వాలు లేకుండా నిద్ర పట్టదు. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు. అట్లాంటి గొడవ నాకు అలవాటులేదు.

చేతులు ఊరికే ఉండక, పక్కనున్న జాకెట్టు తీసుకున్నాను. అది కూరగాయలమ్మే సమ్మమ్మది. ఏళ్లతరబడి గంపమోసి ఆమె కుడిభుజం కిందికి వంగిపోయింది. అందరికీ కుట్టినట్టు కుడితే జాకెట్టు జారుతుంది. అందుకని ఆ భుజం లోపలివైపు గుడ్డను మడతపెట్టి పట్టీ వేస్తాను. వంగిన భుజం వంగినట్టే ఉంటుంది, జాకెట్టు మాత్రం పైకి సమానంగా కనబడుతుంది. ఆ పట్టీ వేసి, దారం కొరుకుతూ, కొరుకుతూ ఆగిపోయాను.

"తాతా! ఇటు రా. ఆ వాలు తియ్యకు."

"తియ్యనంటనే ఉన్న గద."

"బెడ్డు అట్లనే ఉండనియ్యి. ఈశాన్యానికి ఇంచున్నర, నువ్వు పెట్టింది పెట్టినట్టె. మీద బండలకింద మాలు ఏస్తవు గద, అది తలుపుకాడ పలచగ ఎయ్యి, ఆ మూలకు పొయ్యేసరికి ఇంచున్నర మందం చెయ్యి. కింద వాలు వాలే. మీద బండలు సమానం." జాకెట్టు తిరగేసి లోపలి పట్టీ చూపించాను. "ఇగో, గిట్ల."

గట్టయ్య జాకెట్టును వేళ్లతో నొక్కి చూశాడు. బెడ్డు చూశాడు. మూల చూశాడు. సోమక్కను మంచినీళ్లడిగి తాగాడు. ఆ తర్వాత బాపు పక్కన చతికిలబడ్డాడు.

"సేటూ, భూమి ఈశాన్యానికే వాలింది. అది నేను పెట్టిన వాలు, ఎవలు చెప్పిన తియ్య. నీ ఇంటికి ఏం ఢోకా లేదు. బండలంటవా, అవి భూమి మీద పరిచిన చాప అనుకో. చాపకు వాలెందుకు?"

"కడిగిన నీళ్లో?" అన్నాడు బాపు. గొంతులో పాత గట్టితనం లేదు.

దానికి సోమక్క జవాబిచ్చింది. "కుట్టుమిషనున్న అర్రను బిందెలతోని కడుగుతరా సేటూ? తడిగుడ్డతోని తుడుస్తరు. ఆ తుడిచేది గూడ మీరు కాదాయె!"

బాపు నా వైపు చూశాడు, ఆ మూల వైపు చూశాడు. "కింద వాలు ఉంటది గద?" అని ఇంకోసారి అడిగాడు. ఉంటది, ఉంటది అని ముగ్గురం ఒకేసారి అన్నాం. సరే అన్నాడు. అమ్మ వంటింట్లోంచి, "అయితె ఇగ అన్నం తిని సావుండ్రి" అంది.

బండలు వేయడానికి మూడ్రోజులు పట్టింది. షాబాదు బండ ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంటుంది. ప్రతి బండకూ కింద మాలు తీయడం, వేయడం, చెక్కసుత్తితో తట్టడం, నీళ్లపైపు పట్టి చూడడం. పైపు చెప్పింది చాలక గట్టయ్య నన్ను పిలిచేవాడు. నేను చెంప ఆనించేదాన్ని. చివరి బండ అయ్యాక నా దారపురీలు అడిగి తీసుకుని, గది నడుమ నిలబెట్టి వదిలాడు. రీలు కదలలేదు. చెయ్యి తీసి, వంగి, ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత వారంరోజులు బండలమీద నీళ్లు నిలబెట్టాలని, అడుగు పెడితే కాళ్లు విరగ్గొడతానని అందరినీ బెదిరించాడు. నా వైపు తిరిగి, "నీకు గూడ చెప్తాన" అన్నాడు. నా కాళ్లు కూడా విరగ్గొడతానన్నవాడు గట్టయ్య ఒక్కడే, అందుకే అతనంటే నాకు అంత ఇష్టం.

పదకొండో తారీఖు పొద్దున అమ్మను భద్రకాళి గుడికి పంపించాను. పోనంటే పోనంది. మంచినీళ్లెవరిస్తారంది, పడితే ఎవరు లేపుతారంది. చీర కొంగు పట్టి వీధిలోకి నెట్టినంత పనిచేశాను. బాపు దుకాణానికి, అన్న షెడ్డుకు పోయారు. తొమ్మిదిన్నరకు నేను చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని బండెక్కాను. ఇల్లు మొత్తం నాకొక్కదానికే ఉంది. అట్లా ఎప్పుడూ లేదు. భయమేసింది. కిటికీలోంచి చూస్తే, ఎదురుగా చాయ్ కొట్టు దగ్గర గట్టయ్య, సోమక్క కూర్చుని ఉన్నారు. మడికొండలో చాయ్ దొరకదా అని మనసులోనే తిట్టుకున్నాను కానీ, ధైర్యంగా అనిపించింది.

పదింటికి తలుపు తట్టిన చప్పుడు. "అమ్మా, ఎవరున్నారు?"

"వస్తాన టీచర్!"

మిషను దగ్గర్నుంచి నాలుగు తోపులు. కొత్త బండలమీద బేరింగులు చేసిన మోత సందు చివరిదాకా వినబడి ఉంటుంది. తలుపు ముందు ఆగాను. దిమ్మెలు రెండూ పక్కన పెట్టాను. పెట్టి, కాసేపు ఊరికే ఉన్నాను. బండి కదలలేదు. ఎడమచేత్తో రెక్కను నొక్కిపట్టాను, కుడిచేత్తో గొళ్లెం లాగాను. బిర్రుగా ఉంది. ఇంకా గట్టిగా, ఒళ్లంతా వెనక్కి వాల్చి లాగాను. ఊడొచ్చింది. బండి ఉన్నచోటే ఉంది.

తలుపు తెరిచాను. సావిత్రి టీచర్ చంకలో తెల్లగుడ్డ తానుతో నిలబడి ఉంది. నా తలమీదుగా లోపలికి చూసింది.

"అమ్మగారు లేరా?"

"లేదు టీచర్. గుడికి పోయింది."

ఆవిడ అప్పుడు నన్ను చూసింది, బండిని చూసింది, బండలను చూసింది. గుడ్డతాను నాకివ్వకుండా ఇంకా చంకలోనే పట్టుకుని ఉంది. రోడ్డుకవతల సోమక్క లేచి నిలబడడం కనిపించింది.

నేను చేతులు రెండూ ముందుకు చాపి, వెల్లకిలా తిప్పి చూపించాను. పద్దెనిమిదేళ్లు కాళ్ల పని చేసి మొద్దుబారిన చేతులవి. అరచేతుల్లో కాయలున్నాయి. కానీ మన్ను లేదు.

టీచర్ ఆ చేతులనే చూస్తూ, గుడ్డతాను తీసి వాటిలో పెట్టింది. బరువుగా ఉంది. రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకున్నాను. నేలను ఒక్క వేలితో కూడా పట్టుకోలేదు.